పెట్టెలో పట్టని వంట



ఏటా జూలై చివరికల్లా మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకే రకం హడావుడి కనిపిస్తుంది. పై చదువులకు అమెరికా వెళ్లే పిల్లలకు పెట్టెలు సర్దుతుంటారు. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు కాబట్టి తూకం వేయడం, తీయడం, మళ్లీ పెట్టడం. పుస్తకం తీసేసి ఆ చోట కందిపొడి పొట్లం ఇరికిస్తారు. దుప్పటి తీసేసి ఆవకాయ సీసా సర్దుతారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో గల్ఫ్‌కు తిరిగి వెళ్లేవాళ్ల సంచుల్లోకి సకినాలు, పచ్చళ్లు, కారప్పొడి చేరతాయి. ఈ శ్రమ వెనక ఉన్న ప్రేమ గొప్పది. అయితే ఆ ప్రేమ ఒక చిన్న లెక్క మరిచిపోతోంది. ఎంత పొదుపుగా తిన్నా ఆ సీసాలు మూడు నాలుగు నెలల్లో ఖాళీ అవుతాయి. చదువు రెండేళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఉద్యోగం ఇరవై ఏళ్లు ఉండవచ్చు. మిగతా కాలమంతా ఆ మనిషికి ఇంటి తిండి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు నా జవాబు ఇది: పరాయి దేశంలో మన తిండి నిలబడేది రెండింటి మీద. ఒకటి, అక్కడి నేలలో బతికే మొక్క. రెండు, వంటలో ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలిసిన చేయి. మోసుకెళ్లిన సరుకు, అక్కడి దుకాణం ఈ రెండింటికీ తోడు మాత్రమే. ఈ మాటకు చరిత్ర, వ్యవసాయం, చట్టం, వంటగది నాలుగూ సాక్ష్యం చెబుతాయి.

ముందుగా చరిత్ర చూద్దాం. చెరకు తోటల్లో పనికి భారతీయ కూలీలు మారిషస్ వెళ్లడం 1834లో మొదలైంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లను అక్కడ ఆ రేవు పేరుతోనే కోరంగీలు అన్నారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది కూలీలు ఫిజీ దీవులకు వెళ్లారు. వీళ్ల వెంట పచ్చడి సీసాలు లేవు, అక్కడ ఇవాళ్టిలాంటి మనవాళ్ల దుకాణాలు లేవు. యజమాని కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఎండు చేపలే ఆధారం. డర్బన్ ప్రాంతంలో బియ్యం చాలనప్పుడు మొక్కజొన్న కొలిచేవారు. దాన్ని రవ్వలా విరగ్గొట్టి అన్నంలాగే వండుకున్నారు. ఇన్ని కరువుల మధ్య కూడా ఆ వంట చావలేదు. ఇవాళ మారిషస్ సంతలో కరివేపాకును కారిపులే అంటారు, మునగాకును బ్రెద్ మురుం అంటారు, బీరకాయను పిపంగాయ్ అంటారు. తమిళపు వేరున్న ఈ మాటలు ఆ దీవిలో అన్ని జాతులవాళ్లూ మాట్లాడే క్రియోల్ భాషలో కలిసిపోయాయి. మాట అలా అందరి నోటా నిలవాలంటే ముందు ఆ మొక్క పెరట్లో నిలవాలి. తెలుగు పలకడం మరిచిపోయిన కుటుంబాలు కూడా ఉగాది జరుపుకునే దేశం అది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. వాళ్లను కాపాడింది ఓడలో వచ్చిన సరుకు అయితే, ఆ సరుకు ఆగిన ఏడాదే అంతా ఆగిపోయేది.

ఇప్పుడు ఒక్క ఆకును దగ్గరగా చూద్దాం. మనం ఆంధ్రమాత అని గౌరవంగా పిలుచుకునే గోంగూర మన ఒక్కరిదీ కాదు. మందార జాతికి చెందిన ఈ మొక్క ఆఫ్రికాలో పుట్టిందని వృక్షశాస్త్రం చెబుతోంది. ఎర్ర గోంగూర కాయ మీద ఉండే పుల్లటి ఎర్ర రేకులను ఎండబెట్టి సూడాన్, ఈజిప్టు దేశాల్లో కర్కదే అనే పానీయం కాస్తారు. సెనెగల్‌లో దాన్నే బిస్సాప్ అంటారు. మెక్సికోలో హమైకా అంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అదే రేకులతో జామ్ చేస్తారు. ఆకును కూరగా వండేవాళ్లు పశ్చిమాఫ్రికాలో ఉన్నారు, బర్మాలో మరీ ఎక్కువ. అక్కడ దాని పేరు చిన్ బాంగ్. వెదురు కొమ్ములు, ఎండు రొయ్యలు వేసి దాన్ని నూనెలో మగ్గిస్తారు. గోంగూర రొయ్యలు తెలిసిన కోస్తా జిల్లాల మనిషికి ఆ గిన్నె ముందు పరాయితనం ఉండదు. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు తమ తోటల్లో ఈ ఆకును పండిస్తున్నాయి. అంటే గోంగూర కావలసిన తెలుగువాడు వెతకవలసిన చోటు భారతీయ దుకాణం ఒక్కటే కాదు. బర్మావాళ్ల సంత, ఆఫ్రికావాళ్ల అంగడి, మెక్సికోవాళ్ల కొట్టు కూడా అతనివే. అయితే ఆ ఆకునో, ఎండు రేకులనో చూడగానే గుర్తుపట్టాలి, పేరు మారినా పులుపు మారదని తెలియాలి. పొట్లం మీద తెలుగు అక్షరాల కోసం మాత్రమే వెతికే మనిషికి ఎదురుగా ఉన్నా అది కనిపించదు.

మొక్క తెలిసిన మనిషికి ఇంకో మేలు ఉంది. గోంగూర పగలు పొట్టిదైనప్పుడు పూసే మొక్క. న్యూజెర్సీ లాంటి చోట జూన్‌లో పగలు దాదాపు పదిహేను గంటలుంటుంది. ఆ ఎండకు మొక్క విరగబడి ఆకు వేస్తుంది, పూత మాట ఎత్తదు. పగలు తగ్గి మొగ్గ తొడిగే వేళకు మంచు పడుతుంది, మొక్క చచ్చిపోతుంది. ఈ స్వభావం తెలియనివాడు విత్తనం రాలేదని, తన చేయి మంచిది కాదని బాధపడతాడు. తెలిసినవాడు మంచు పోయాక వసంతంలో విత్తి, వేసవంతా తలలు తుంచుతూ ఆకు కోసుకుని, నూనెలో మగ్గించి శీతాకాలానికి దాచుకుంటాడు. మరుసటి ఏటికి విత్తనం ఆ దేశంలోనే దక్షిణాదిన, వెచ్చని రాష్ట్రాల్లో పండించినవాళ్ల దగ్గర కొనుక్కుంటాడు. వేసిన విత్తనం ఒక్కటే, మొక్క మీద అవగాహన వేరు. దుకాణంలో కొన్న గోంగూర కట్ట ఒక పూట భోజనం పెడుతుంది. ఆ మొక్క నడత తెలిస్తే ఏటా భోజనం దొరుకుతుంది.

ఇక్కడ చట్టం సంగతి వస్తుంది, ఒక అభ్యంతరం కూడా వస్తుంది. కరివేపాకు రెమ్మ తీసుకెళ్లినా విమానాశ్రయంలో లాక్కుంటారు, మన తిండి మీద వాళ్లకెందుకింత చిన్నచూపు అని చాలామంది బాధపడతారు. కారణం తెలిస్తే ఆ బాధ తగ్గుతుంది. కరివేపాకు నిమ్మ, బత్తాయి కుటుంబానికి చెందిన చెట్టు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకుతిరిగే సిల్లా పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆహారం. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్లకు పైగా పెట్టెల నారింజలు పండించిన ఆ రాష్ట్రం 2022-23లో రెండు కోట్ల పెట్టెలు కూడా పండించలేకపోయింది. మధ్యలో తుఫానుల దెబ్బ కూడా ఉంది కానీ, తోటలను లోపలినుంచి గుల్ల చేసింది తెగులే. నల్లగొండ బత్తాయి రైతుకూ, గూడూరు నిమ్మ రైతుకూ ఈ పురుగు గురించి వేరే చెప్పనక్కర్లేదు. మన తోటలకు అలాంటి చీడ తెచ్చే రెమ్మను మనం మాత్రం రానిస్తామా? 2014 మే నుంచి యూరప్ దేశాలు మన మామిడిపండ్లను, వంకాయ, కాకర, పొట్ల, చేమలను కొంతకాలం ఆపినప్పుడు కూడా కారణం పండు ఈగ లాంటి పురుగులే. మన దగ్గర ప్యాకింగు, తనిఖీ బాగుపడ్డాక 2015 జనవరిలో మామిడికి తలుపు తెరిచారు. గసగసాల సంగతి ఇంకా గట్టిది. నల్లమందు మొక్క గింజలు కాబట్టి ఎమిరేట్స్, సౌదీలలో అవి నిషేధం. మసాలా కోసం పట్టుకెళ్లిన చిన్న పొట్లం ఒక కూలిమనిషిని జైలు దాకా తీసుకుపోగలదు. అక్కడ కూర చిక్కబడటానికి జీడిపప్పో నువ్వులో నూరి వేస్తే సరిపోతుందన్న చిన్న తెలివి ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది. అందుకే అంటున్నాను, చట్టం మూసిన దారిలో సరుకు ఆగిపోతుంది, తెలివికి మాత్రం వేరే దారి ఉంటుంది.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఇప్పుడు అన్నీ దుకాణంలో దొరుకుతున్నాయి కదా, ఈ మొక్కలూ నేర్పులూ దేనికి అంటారు. నిజమే. 1974లో షికాగోలోని డెవాన్ అవెన్యూలో ఒక చిన్న కొట్టుగా మొదలైన పటేల్ బ్రదర్స్ ఇవాళ అమెరికాలో ఎన్నో రాష్ట్రాల్లో ఉంది. పెద్ద నగరంలో ఉన్నవాళ్లకు ములక్కాడ, దొండకాయ, గోరుచిక్కుడు, గడ్డకట్టించిన తాటిముంజలు కూడా దొరుకుతాయి. ఆ దుకాణాలు చేసిన మేలును తక్కువ చేయకూడదు. కానీ దుకాణం ఒక గొలుసుకు చివరి కొక్కెం. గొలుసులో ఎక్కడ తెగినా అల్లాడేది అక్కడ నిలబడ్డవాళ్లే. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపింది. వార్త అందిన గంటల్లో అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు జనం బారులు తీరారు. సోనా మసూరి బస్తాల కోసం తోసుకున్నారు. మనిషికి ఒక్క బస్తానే అని కొట్టువాళ్లు బోర్డు పెట్టవలసి వచ్చింది. ఆ నిషేధం తొలగింది 2024 సెప్టెంబరు చివర్లో. ఆ పద్నాలుగు నెలల్లో అమెరికాలో బియ్యానికి కరువేమీ లేదు. ఆర్కన్సాస్, టెక్సస్ పొలాల్లో పండిన పొడుగు గింజ బియ్యం ప్రతి కొట్టులోనూ ఉంది. నీళ్లు కొలత మార్చి, ఒక పొంగు ముందే దించి, ఆరబెడితే ఆ బియ్యంతో పులిహోర పొడిపొడిగా వస్తుంది. ఇది తెలియకపోవడమే ఆ రోజు అన్ని ఇళ్లలో కనిపించిన అసలు కరువు.

1970ల్లో వెళ్లిన తరం దగ్గర ఈ తెలివి పుష్కలంగా ఉండేది. మన ఇడ్లీకి మినప్పిండిలో ఇడ్లీరవ్వ కలుపుతాం. అప్పట్లో అక్కడ ఇడ్లీరవ్వ దొరికేది కాదు. పసిపిల్లలకు జావ కాచే క్రీమ్ ఆఫ్ రైస్ అనే డబ్బాలో ఉండేది బియ్యపు రవ్వేనని ఆడవాళ్లు గుర్తుపట్టారు, దానితోనే ఇడ్లీ వేశారు. చలికి పిండి పొంగకపోతే ఓవెన్‌లో గిన్నె పెట్టి, మంట వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి ఉంచారు. పిండి పులవడానికి కావలసింది వెచ్చదనం అన్న కారణం తెలుసు కాబట్టి ఆ ఉపాయం తోచింది. కారణం తెలియకపోతే పొట్లం ఉన్నా వంట కుదరదు. అరిసెలే తీసుకోండి. దుకాణంలో బియ్యప్పిండి పొట్లం కావలసినంత ఉంది, బెల్లం ఉంది. ఆ పొడిపిండితో అరిసె చేస్తే నూనెలో విచ్చిపోతుంది, లేదా రాయిలా గట్టిపడుతుంది. అరిసెకు తడిపిండి కావాలి. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టాలి. ఆ తడి వల్లే పిండి పాకాన్ని పట్టుకుంటుంది. పాకం ముదిరిందో లేదో చూడటానికి ఒక చుక్క చన్నీళ్లలో వేస్తే చేతికి మెత్తటి ఉండ రావాలి, జారిపోతే ఇంకాసేపు కాగాలి, టక్కున విరిగితే ముదిరిపోయినట్టు. తెలంగాణ సకినానికి కూడా తడిపిండే ప్రాణం. లేకపోతే వేళ్ల మధ్య చుట్టు తిరగదు, మధ్యలోనే తెగిపోతుంది. ఈ సంగతి పొట్లం మీద రాయరు. నానబెట్టడానికి బియ్యం, రుబ్బడానికి మిక్సీ ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నాయి. ఉండవలసింది ఈ ఎరుక.

మూడో అభ్యంతరం రుచి మీద పట్టింపు ఉన్నవాళ్లది. ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే అది మన వంట ఎలా అవుతుంది, పేరు మాత్రం మిగిలి సారం పోదా అంటారు. ఆ భయంలో నిజం కొంత ఉంది. ఏది వేసి ఏది చేసినా మన వంటే అనలేం. కానీ మన వంట ఎప్పుడూ కదలకుండా ఉన్నది కాదు. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి వచ్చి అయిదు వందల ఏళ్లయింది. దానికి ముందు మన కారం మిరియాలది. టమాటా, వేరుశనగ కూడా ఆ ఖండానివే. చింతచెట్టు ఆఫ్రికాది. ఇవాళ మన ఇళ్లలో ఉడికే కందిపప్పులో కొంత మొజాంబిక్ నుంచి, కొంత బర్మా నుంచి వస్తోంది. మొజాంబిక్‌తో మన ప్రభుత్వం 2016లోనే ఒప్పందం చేసుకుంది. వచ్చినవాటిని మన తాత ముత్తాతలు తమ పద్ధతిలోకి మలుచుకున్నారు కాబట్టే అవి మనవయ్యాయి. పద్ధతి అంటే ఏమిటి? పులుపు పప్పులో ఎప్పుడు వేయాలి, తాలింపులో ఏది ముందు ఏది వెనక, ఏ కూరకు ఆవ పెట్టాలి, దేనికి నువ్వుపొడి చల్లాలి, అదే పద్ధతి. అమెరికాలోని తెలుగిళ్లలో క్రాన్‌బెర్రీలతో పప్పు, పచ్చడి చేయడం ఇప్పుడు మామూలు సంగతి. అక్కడి నేలలో పుట్టిన ఆ పుల్లటి ఎర్రకాయ శరదృతువులో పండుతుంది. పప్పు ముందే ఉడికించి, కాయలు విడిగా మగ్గించి, తరువాత కలిపి, ఇంగువ తాలింపు పెడితే అది నిస్సందేహంగా తెలుగు పప్పు. రూబార్బ్ కాడతో కూడా అలాగే చేస్తారు. కాకపోతే దాని ఆకు విషం, కాడ మాత్రమే వాడాలి. బదులు వేయాలన్నా ముందు వస్తువు గుణం తెలియాలి అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. పట్టింపు ఉండాలి, కానీ అది పద్ధతి మీద ఉండాలి.

చివరి అభ్యంతరం వేరే వైపు నుంచి వస్తుంది. వెళ్లిన దేశంలో అక్కడి తిండి తినాలి గానీ ఈ గోంగూర వెతుకులాట ఏమిటి, ఇలా అయితే అక్కడి మనుషులతో ఎప్పుడు కలుస్తారు అంటారు. అక్కడి తిండి తినవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ తన వంట తెలిసిన మనిషే పక్కవాడి వంటను చప్పున అర్థం చేసుకుంటాడు. గోంగూర వెతుక్కుంటూ వెళ్లిన మనిషికి బర్మా రైతు, సెనెగల్ అంగడివాడు, మెక్సికో ముసలమ్మ పరిచయమవుతారు. వాళ్లతో మాట కలపడానికి ఒక ఆకు చాలు. వండటం రానివాడు బిగించిన డబ్బాలతో, అరగంటలో ఇంటికి తెచ్చిచ్చే పొట్లాలతో గడుపుతాడు, ఎవరినీ కలవవలసిన పని అతనికి ఉండదు. పైగా ఇది డబ్బు, ఆరోగ్యాల సంగతి కూడా. ఎడారి ఎండలో పని చేసి, ఆరుగురు పంచుకున్న గదికి తిరిగొచ్చిన కూలిమనిషికి బయట తిండి కొనే స్తోమత ఉండదు, పొయ్యి ముందు గంటసేపు నిలబడే ఓపిక కూడా ఉండదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఉప్పు, జీలకర్ర వేస్తే పచ్చిపులుసు అయిపోతుంది, పొయ్యి పని దాదాపు లేదు. అన్నంలో ఆ పులుసు పోసుకున్న పూట అతను తన ఇంట్లో తిన్నట్టే తింటాడు. ఆ నిబ్బరాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇంత చెప్పింది ఇక్కడున్న తల్లిదండ్రులతో ఒక మాట అనడానికే. పిల్లలు ప్రయాణమయ్యే ఏడాది, టికెట్టు కొనకముందే వాళ్లను వంటగదిలోకి పిలవండి. అబ్బాయిలను తప్పకుండా పిలవండి. మగపిల్లాడికి వంట ఎందుకన్న పాత అలవాటు వల్ల పరాయి దేశంలో కడుపు మాడ్చుకుంటున్నది వాళ్లే. వంటల పుస్తకాల్లో ఉప్పు తగినంత అని రాసి వదిలేస్తారు. ఆ తగినంత ఎంతో మీ చేతికి తెలుసు, వాళ్ల చేతికి తెలియదు. కాబట్టి మీ ఇంటి కొలతలు గ్రాముల్లో, చెంచాల్లో రాసి ఇవ్వండి. ఆవకాయలో ముక్కకు, ఆవపిండికి, కారానికి, ఉప్పుకు మధ్య పాళ్లు ఇంటింటికీ వేరు, మీ ఇంటి పాళ్లు మీతోనే పోకూడదు. ప్రతి పనికీ కారణం కూడా పక్కనే రాయండి. ముక్క ఎందుకు తుడిచి ఆరబెడతామో, పప్పు ఉడికాకనే పులుపు ఎందుకు వేస్తామో రాయండి. విదేశాల్లో తెలుగు బడులు, సంఘాలు నడిపేవారికీ ఇదే విన్నపం. పండగనాడు వందలమందికి వంట బయట చేయించి వడ్డించడం సులువే. దానికి బదులు ఏడాదికి ఒక్కరోజు పిల్లల చేత తడిపిండి పట్టించండి, చట్టం ఒప్పుకున్న విత్తనాలు కుండీల్లో వేయించండి, ఆ ఊళ్లో ఏ ఆకు ఎక్కడ దొరుకుతుందో ఒక కాగితం మీద రాసి కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వండి.

పెట్టె సర్దవద్దని నేను అనను. పొడులు పెట్టండి, పచ్చళ్లు పెట్టండి, మీ మనసు తృప్తిపడేలా పెట్టండి. కానీ ఆ సీసా అడుగంటిన రోజున మీ బిడ్డ దిగులుపడకుండా సంతకు బయల్దేరాలి. అందుకు కావలసిన నేర్పు పెట్టెలో పెట్టలేం, బరువు కూడా ఉండదు, ఏ దేశపు తనిఖీలోనూ ఆగదు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి, పప్పుతోనే మొదలుపెట్టండి.